మా నాన్న ముడి

ఒక్క పూటలో కంప్యూటర్నీ, బావమరిదినీ, పెళ్ళాం ఉద్యోగాన్నీ కలిపి ప్రమాదంలో పడేయడం ఎలాగో ఎవరికైనా నేర్చుకోవాలనుంటే నా దగ్గరికి రండి. నాకు అనుభవం ఉంది. నిజానికి ఈ కథ మళ్ళీ చెప్పే ఓపిక నాకు లేదు. ఐదేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. నేను చెప్పకపోతే మా ఆవిడ చెబుతుంది. ఆవిడ చెప్పకపోతే మా అమ్మ చెబుతుంది. ఇద్దరూ ఊళ్ళో లేకపోతే ఇంటర్నెట్ లైన్లు చూసే ఏసురత్నం చెబుతాడు. అతను చెప్పేటప్పుడు నా నడకా, నా చేతులు తిప్పుడూ కూడా చేసి చూపిస్తాడు. ఆ ముగ్గురికంటే ముందు నేనే చెప్పేస్తే నాకు కాస్త మర్యాద మిగులుతుందని ఆశ. మిగలదు లెండి, నాకూ తెలుసు.

మాది వినుకొండ దగ్గర ఒక ఊరు. మిర్చి వేస్తాం, కొంత పత్తి. నేను డిగ్రీ అయ్యాక నరసరావుపేటలో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేశాను. ఆ ఆరు నెలల్లో రెండు నెలలు పత్తి తీతలకని ఇంటికొచ్చేశాను, ఒక నెల మాస్టారే రాలేదు. మిగిలిన మూడు నెలల చదువుతో మా ఊరికి కంప్యూటర్ నిపుణుణ్ణయ్యాను. ఎవరింట్లో ప్రింటర్ మొరాయించినా నాకే కబురొచ్చేది. వెళ్ళి ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టేవాణ్ణి. సగం రోగాలు దాంతోనే తగ్గిపోతాయి. తగ్గనివాటికి కళ్ళు చిన్నవి చేసి, "ఇది కంపెనీవాళ్ళే చూడాలండీ" అనేవాణ్ణి. ఇలా పదిహేనేళ్ళు గౌరవంగా బతికాను.

మా ఆవిడ సుజాత మాత్రం నిజంగా చదువుకున్న మనిషి. ఎమ్మెస్సీ బోటనీ, బీఈడీ. పాప పుట్టినప్పుడు ఉద్యోగం మానేసింది. ఏడాది అనుకున్నది ఆరేళ్ళయింది. ఆ తరవాత ఏ స్కూలుకి వెళ్ళినా, "ఆరేళ్ళ గ్యాపా అమ్మా?" అని మంచినీళ్ళిచ్చి పంపించేవాళ్ళు. చివరికి వినుకొండలోనే ఒక స్కూలువాళ్ళు పిలిచారు. స్కూలు ఇక్కడే అయినా పరీక్ష పెట్టేవాళ్ళు విజయవాడ ఆఫీసులో కూర్చుంటారట. మధ్యాహ్నం మూడింటికి వీడియోలో పాఠం చెప్పి చూపించాలి. పాఠం పేరు 'ఫలం'. సుజాత పది రోజులు కూర్చుని ఇరవయ్యారు స్లైడ్లు తయారుచేసింది, రంగు రంగుల బొమ్మలతో.

"ఏమండీ, ఇది కూడా పోతే నేనిక ఎవర్నీ అడగను. కూలీల పక్కన కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీసుకుంటా" అంది ముందురోజు. నవ్వుతూనే అంది గానీ కళ్ళు నవ్వలేదు.

ఆ రోజు పొద్దున్నే ఇంకో మాట అంది. "ఏమండీ, ఇవాళ ఆ కంప్యూటర్ని ముట్టుకోకండి."

"నేనెందుకు ముట్టుకుంటాను?" అన్నాను, దెబ్బతిన్న మొహం పెట్టి.

ముట్టుకోలేదు. తుడిచానంతే. మిర్చి కాలంలో మా ఇళ్ళల్లో ప్రతి వస్తువు మీదా ఒక పల్చటి ఎర్రటి దుమ్ము ఉంటుంది. తువ్వాలుతో తుడుస్తుంటే తెర వెలిగి ఒక చిన్న పెట్టె కనిపించింది. అప్‌డేట్ సిద్ధంగా ఉంది, ఇప్పుడా, తరవాతా, అని అడుగుతోంది. మీరే చెప్పండి, పెళ్ళాం పాఠం చెబుతుండగా మధ్యలో ఈ పెట్టె ఊడిపడితే ఏం మర్యాద? ముందే కానిచ్చేస్తే పీడా పోతుంది కదా? ఇలాంటి మంచి ఆలోచనలు నాకు ఎప్పుడొచ్చినా ఇంట్లో ఎవరికో నష్టం జరుగుతుంది. 'ఇప్పుడే' అన్నదాని మీద నొక్కాను.

తెర నీలంగా మారి చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలైంది. అంతలో వసారాలోంచి మా అమ్మ కేక.

"ఒరేయ్ శీనా! మబ్బు పట్టిందిరా! డాబా మీద కాయలు!"

మూడో కోత కాయలు డాబా మీద ఆరబోసి ఉన్నాయి. తడిస్తే రంగు పోయి తాలుకాయల కింద సగం ధరకు పోతాయి. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. టార్పాలిన్ లాగి కప్పుతుంటే గాలికి అది లేచి నా మొహానికే కొడుతోంది. తాళ్ళన్నీ పొలంలో ఉన్నాయి. చుట్టూ చూస్తే పిట్టగోడ మీదుగా ఒక నల్లటి తీగ కనిపించింది. ఎక్కణ్ణుంచో వచ్చి ఎక్కడికో పోతూ, మధ్యలో నాలుగు గజాలు వదులుగా వేలాడుతోంది. పాత కేబుల్ టీవీ తీగ కాబోలు, పనికిరాకుండా పడుంది అనుకున్నాను. దాన్ని టార్పాలిన్ కొస కంతలోంచి దూర్చి ముడి వేశాను.

మామూలు ముడి కాదు, మా నాన్న ముడి. మిర్చి బస్తా మూతికి మా నాన్న వేసే ముడికి ఈ చుట్టుపక్కల పేరుండేది. మూడు చుట్లు, ఒక మెలిక, మోకాలితో అదిమిపట్టి ఒక లాగుడు. ఆ ముడి పడ్డాక విప్పడమనేది లేదు, కత్తితో కొయ్యాల్సిందే. గుంటూరు యార్డులో హమాలీలు ఆ బస్తాలు చూసి మా నాన్నను పేరు పెట్టి తిట్టుకునేవాళ్ళట. ఆయన పోయాక ఆ విద్య నాకొక్కడికే మిగిలింది. ముడి వేసి, ఓసారి గట్టిగా గుంజి చూసి, మా నాన్న ఉంటే మెచ్చుకునేవాడని సంతోషపడుతూ కిందికి దిగాను. మబ్బు ఒక్క చినుకైనా రాల్చకుండా ఎటో పోయింది.

దిగేసరికి కంప్యూటర్ లేచి కూర్చుంది. ఇంటర్నెట్ మాత్రం లేదు.

అప్పుడు పదింబావు. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ సుజాత వచ్చింది. తెర వైపు చూసింది, నా వైపు చూసింది, నా చేతిలో తువ్వాలు వైపు చూసింది.

"ముట్టుకున్నారా?"

"అప్‌డేట్ అడిగింది."

"అడిగితే చేసేస్తారా? నేను ఆరేళ్ళ నుంచి వంటింటి కుళాయి మార్చమని అడుగుతున్నా."

నేను పనిలో పడ్డాను. కంప్యూటర్ ఆపి వెలిగించాను. మోడెం ఆపి వెలిగించాను. ప్లగ్గు పీకి పెట్టాను. మోడెం మీద లైట్లు చూశాను. నాలుగు లైట్లు వెలుగుతున్నాయి. అందులో ఒకటి ఎర్రగా, నిండుగా, పండు కాయలా మెరుస్తోంది. ఇక్కడ మీరు నన్ను కాస్త అర్థం చేసుకోవాలి. మిర్చి పండించేవాడికి ఎరుపు చూస్తే భయమెందుకు వేస్తుంది? పచ్చగా ఉంటేనే ఇంకా పండలేదని దిగులు. ఎర్రగా నిగనిగలాడుతుంటే ప్రాణం కుదుటపడుతుంది. నా ప్రాణమూ అలాగే కుదుటపడింది.

బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బావమరిది రవికి ఫోన్ చేశాను. మా ఇంట్లో ఫోన్ సిగ్నల్ సంగతి కూడా చెప్పాలి. మాట వినిపించేంత సిగ్నల్ వసారా చివర అరుగు మీద నిలబడితే వస్తుంది. వీడియో ఆడేంత సిగ్నల్ డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన తప్ప ఎక్కడా రాదు. కంప్యూటరేమో లోపలి గదిలో. అంచేత రవి ఒక మాట చెబితే నేను అరుగు దిగి, వసారా దాటి, గదిలోకి పరిగెత్తి, ఆ పని చేసి, మళ్ళీ అరుగెక్కి జవాబు చెప్పాలి.

"బావా, మోడెం మీద లైట్లు చూడండి."

పరిగెత్తాను. వచ్చాను. "వెలుగుతున్నాయిరా."

"అన్నీ సరిగ్గానే ఉన్నాయా?"

"నిగనిగలాడుతున్నాయి."

"అయితే లైను బాగానే ఉంది. అప్‌డేట్‌లో డ్రైవర్ పోయుంటుంది. డివైస్ మేనేజర్ తెరవండి."

పరిగెత్తాను. తెరిచాను. వచ్చాను. "తెరిచానురా."

"అందులో పసుపు గుర్తు ఏమన్నా ఉందా?"

మళ్ళీ పరిగెత్తాను. ఇలా పదిహేడు సార్లు. డ్రైవర్ తీసేశాను, మళ్ళీ పెట్టాను. ఏవేవో అంకెలు కొట్టాను. నెట్‌వర్క్ మొత్తం మరిచిపొమ్మని కంప్యూటర్‌కు చెప్పాను, అది నిజంగానే మరిచిపోయింది. పన్నెండో పరుగులో వసారా గడపకు బొటనవేలు కొట్టుకుంది. పదిహేడో పరుగు తరవాత రవి, "బావా, మా మేనేజర్ నా వెనకాలే నిలబడ్డాడు. మళ్ళీ చేస్తా" అన్నాడు. చెయ్యలేదు. అతణ్ణి నేను తప్పుపట్టను.

పదకొండున్నరకు ఏసురత్నానికి చేశాను, సాయం కోసం కాదు, తిట్టడానికి.

"ఏం ఏసురత్నం, మీ ఇంటర్నెట్ మా కంప్యూటర్‌కు పడటం లేదయ్యా."

"అయ్యో, ఇక్కడే చర్చి వీధిలో ఉన్నానండి. ఐదు నిమిషాల్లో వచ్చి లైను చూసిపోతానండి."

"లైనుకేం కాలేదు. లైట్లన్నీ భేషుగ్గా ఉన్నాయి. ఇది అప్‌డేట్ రోగం. నీకు అర్థమయ్యేది కాదులే."

"ఎర్ర లైటేమన్నా వెలుగుతుందా అండి?"

"అన్నీ వెలుగుతున్నాయంటున్నా కదా! నీ పని నువ్వు చూసుకో, దీన్ని నేను చూసుకుంటాను."

"సరేనండి" అన్నాడు. పాపం, చాలా మర్యాదగా అన్నాడు. ఆ 'సరేనండి'ని ఇప్పుడు ఊరంతా తిరిగి ఎలా చెబుతాడో మీరు వినాలి.

పన్నెండున్నరకు సుజాత నా ముందు అన్నం కంచం పెట్టి, "ఏమండీ, నేను డాబా మీదకెళ్ళి ఫోన్లో చెబుతాను. ట్యాంకు దగ్గర సిగ్నల్ ఉంటుంది కదా" అంది.

"మిరపకాయల మధ్య కూర్చుని ఇంటర్వ్యూ ఇస్తావా? వాళ్ళేమనుకుంటారు? నీ స్లైడ్లు ఫోన్లో ఎలా చూపిస్తావు? నేనున్నాను కదా, నిశ్చింతగా ఉండు" అన్నాను.

ఆవిడ నిశ్చింతగా లేదు. అయినా సరేనంది. నన్ను నమ్మడం ఆవిడకు అలవాటైపోయింది, ఆ అలవాటు మాన్పించే పనిలో నేనున్నాను.

ఒంటిగంటకు నాకు ఆఖరి ఉపాయం తట్టింది. రోగం అప్‌డేట్‌తో వచ్చింది గనక అప్‌డేట్‌నే వెనక్కి పంపేస్తే సరి. నొక్కాను. తెర మళ్ళీ నీలంగా మారింది. మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం, కంప్యూటర్ ఆపవద్దు, అంది. ఒక శాతం. పావుగంట తరవాత నాలుగు శాతం. రెండింటికి పంతొమ్మిది. రెండున్నరకు ముప్ఫయ్యొకటి, అక్కడ ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, సుజాత ఇరవయ్యారు స్లైడ్లూ అందులోనే ఉన్నాయని. పొద్దుట్నుంచీ ఇంటర్నెట్ ఒక్కటే లేదు. ఇప్పుడు కంప్యూటరే లేదు. భయం వేసింది, సిగ్గు కూడా వేసింది.

సుజాత కంచిపట్టు కాదు గానీ మంచి నేత చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. తెర మీద ముప్ఫయ్యొకటి చూసింది. వంటింట్లోంచి చాకు తెచ్చుకుంది, ఫోన్ తీసుకుంది.

"పైకి రండి. ఫోన్ పట్టుకునేవాళ్ళు కావాలి" అంది.

మూడింటికి ఐదు నిమిషాల ముందు ఆవిడ నీళ్ళ ట్యాంకు దిమ్మ మీద కూర్చుంది. నేను ఎదురుగా గొంతుక్కూర్చుని ఫోన్ రెండు చేతుల్తో పట్టుకున్నాను. తెర మీద ఒక మేడమూ, ఇద్దరు సార్లూ ప్రత్యక్షమయ్యారు.

"స్లైడ్స్ షేర్ చేస్తారా అమ్మా?" అన్నారు మేడమ్.

"స్లైడ్లు లేవు మేడమ్. కాయే ఉంది. ఒక్క నిమిషం" అని సుజాత టార్పాలిన్ కొస లేపబోయింది. లేవలేదు. ముడి విప్పబోయింది. రాలేదు. ఎలా వస్తుంది? చెయ్యి పక్కనుంచి దూర్చి గుప్పెడు పండుకాయలు తీసింది. తీస్తూ ఆ తీగను చూసింది. దాన్ని వేళ్ళ మధ్య తిప్పి, దాని మీద సన్నగా ఉన్న తెల్లటి అక్షరాలు చదివింది. ఆ తీగ ఎటు పోతోందో కళ్ళతోనే వెతికింది. ఒక కొస వీధి స్తంభానికి. రెండో కొస పిట్టగోడ దిగి, కిటికీలోంచి మా కంప్యూటర్ గదిలోకి. అప్పుడు నెమ్మదిగా నా మొహం చూసింది.

నాకూ అప్పుడే తెలిసింది. కానీ ఏం చేస్తాం? ఫోన్ అవతల ముగ్గురు చూస్తున్నారు. నేను నోరు తెరవకూడదు. ఆవిడ నన్ను తిట్టకూడదు. ఆవిడ మిరపకాయను మాత్రం చాలా శ్రద్ధగా నిలువునా కోసింది.

"పిల్లలూ, అందరూ గింజల్లో కారం ఉందనుకుంటారు. గింజలు పట్టుకుని ఉన్న ఈ తెల్లటి పొర చూడండి. అసలు కారమంతా దీన్లో ఉంది. నెమ్మదిగా కనిపించేవాళ్ళ దగ్గరే ఎక్కువ ఉంటుంది" అంది.

అవతల మేడమ్ నవ్వారు. నేను నవ్వలేదు.

"ఇది తొడిమ. మొక్క నుంచి కాయకు నీళ్ళూ ఆహారమూ దీన్లోంచే వస్తాయి. సన్నగా ఉంది కదా, పనికిరాదు కదా అని ఎవరో తెలివైనవాళ్ళు దీన్ని మెలితిప్పి గట్టిగా ముడేశారనుకోండి. కాయకేమవుతుంది?"

"ఎండిపోతుంది" అన్నారు అవతల ఒక సారు, పిల్లాడి గొంతుతో.

"అవును సార్. అప్పుడు మనం కాయను ఎంత తిప్పి తిప్పి చూసినా లాభం లేదు. రోగం కాయలో లేదు కదా."

ఈ లోపల ఆవిడ కోసిన కాయల ఘాటు గాలికి తిన్నగా నా ముక్కులోకి వస్తోంది. తుమ్ము ఆపుకున్నాను. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఫోన్ వణికిపోతోంది.

"అమ్మా, అక్కడ భూమి ఏమన్నా కదులుతోందా?" అన్నారు రెండో సారు కంగారుగా.

"లేదు సార్. మా వారు" అంది సుజాత, పాఠం ఆపకుండానే.

ఇరవై నిమిషాలు చెప్పింది. మొదట్లో నా మీద కోపంతో చెప్పింది. సగానికొచ్చేసరికి నేనున్నానని మరిచిపోయింది. ఆ గొంతు విని నాకు ఆరేళ్ళయింది. పెళ్ళైన కొత్తల్లో బడి నుంచి వచ్చి పిల్లల కబుర్లు అలాగే చెప్పేది. నిజం చెప్పాలంటే ఆ కన్నీళ్ళన్నీ ఘాటువల్లే వచ్చినవి కావు.

ఫోన్ ఆగిందో లేదో నేను తొమ్మిది తుమ్ములు తుమ్మాను. తలెత్తేసరికి మెట్ల మీద మా అమ్మ, ఆవిడ వెనకాల ఏసురత్నం. మనసొప్పక వచ్చాడట. పొద్దున ఫోన్లో నా వాలకం పసిగట్టి, ఎందుకైనా మంచిదని.

తీగ వెంట నడుచుకుంటూ వచ్చి ముడి దగ్గర ఆగాడు. గొంతుక్కూర్చున్నాడు. గోళ్ళతో లాగాడు. స్క్రూడ్రైవర్ దూర్చి చూశాడు. ఆఖరికి కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు.

"పన్నెండేళ్ళ నుంచి ఈ పని చేస్తున్నానండి. కోతులు కొరికిన తీగలు చూశా, ఎలుకలు కొట్టినవి చూశా. లోపల గాజు ఉంటదండి దీంట్లో, దారమంత. దీనికి ఇంత కష్టపడి ముడేసినోణ్ణి మాత్రం చూళ్ళేదండి. ఎవరండీ వేసింది?"

నేను ఆకాశం వైపు చూశాను. "పొద్దున గాలి బాగా వీచిందిలే. ఆ గాలికి చుట్టుకుపోయుంటుంది" అన్నాను.

మా అమ్మ వంగి ముడిని ఒక్కసారి చూసింది.

"గాలికెట్టా తెలిసిందిరా మీ నాన్న ముడి?" అంది.

ఏసురత్నం అక్కడే కూలబడి నవ్వాడు. సుజాత నవ్వాపుకోలేక ట్యాంకు పట్టుకుంది. నేను నిలబడ్డాను, ఇంకేం చేస్తాను. ఏసురత్నం ముడిని కత్తిరించి, తీగ అతికించి, అరగంటలో ఇంటర్నెట్ తెప్పించాడు. మోడెం మీద ఆ ఎర్ర లైటు పచ్చబడింది. ఐదున్నరకు కంప్యూటర్ కూడా నూరు శాతం చేరి, స్లైడ్లతో సహా క్షేమంగా మేలుకుంది. అప్‌డేట్‌కు ఈ గొడవతో ఏ సంబంధమూ లేదు. పొద్దుట్నుంచీ దాన్ని నానా మాటలూ అన్నందుకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

వారం తరవాత సుజాతకు ఫోన్ వచ్చింది, ఉద్యోగం వచ్చిందని. బొమ్మలు అందరూ చూపించారట, కాయ కోసి చూపించింది ఈవిడొక్కతేనట. నేను ఛాతీ విరిచి, "చూశావా, నా ముడే లేకపోతే..." అని మొదలుపెట్టాను.

"ఉద్యోగం నాది, ముడి మీది. ఎవరివి వాళ్ళం దాచుకుందాం" అంది.

దాచింది కూడా. ఏసురత్నం కత్తిరించిన ఆ ముడిని కంప్యూటర్ పైన గోడకు మేకు కొట్టి తగిలించింది. ఐదేళ్ళుగా అక్కడే ఉంది. వచ్చినవాళ్ళందరూ అదేమిటని అడుగుతారు. అప్పుడు నేనీ కథంతా చెప్పాలి. ఇప్పుడు మీకు చెప్పినట్టే.

అందుకని నిన్న పొద్దున సుజాత బడికి బయల్దేరుతుంటే ఆ ముడి కింద నిలబడి, కుడిచెయ్యి ముందుకు చాపి, మా అమ్మ సాక్షిగా ప్రమాణం చేశాను. "రెండు కొసలూ ఎక్కడెక్కడికి పోతున్నాయో కళ్ళారా చూసుకోకుండా ఈ జన్మలో దేనికీ ముడి వెయ్యను."

సుజాత చెప్పులేసుకుంటూ ఆగింది.

"ఈ జాగ్రత్త పెళ్ళిలో మూడు ముళ్ళు వేసేముందు చెప్పుంటే, తల వంచేముందు నేనూ ఓసారి అటూ ఇటూ చూసుకునేదాన్ని కదండీ" అని బస్సుకు వెళ్ళిపోయింది.